అమెరికా అధ్యక్షుడు కెనడీని తాకిన బుల్లెట్ గాల్లో వంకర్లు తిరిగి ఇంకొకాయనకి తగిలిందంటారు, నిజమేనా?

లేదు, అది వంకర్లేం తిరగలేదు, 1963 నవంబర్ 22న డల్లాస్‌లో కెనడీ మెడలోంచి బయటికొచ్చిన బుల్లెట్టే నేరుగా కార్లో ఆయన ముందు కూర్చున్న టెక్సాస్ గవర్నర్ కొనల్లీకి తగిలిందని ఆ హత్య మీద విచారణ చేసిన వారెన్ కమిషన్ చెప్పింది, ఈ ఒక్క పాయింట్‌లో దాని లెక్క సరిపోతుంది.

చాలామంది బొమ్మ గీసేటప్పుడు ఇద్దర్నీ ఒకే ఎత్తులో, ఒకరి వెనక ఒకరిని తిన్నగా కూర్చోబెడతారు, అక్కడే తేడా కొడుతుంది. తిరుపతి స్టేషన్ దగ్గర కొండకి పోయే జీపు ఊహించుకోండి: వెనక సీట్లో ఒకాయన కుడి అంచుకి ఆనుకుని చెయ్యి బయట పెట్టుకున్నాడు, ఆయన ముందు మడత సీటు మీద ఇంకొకాయన కాస్త కిందగా, నడుమకి జరిగి, ఒళ్ళు కుడికి తిప్పి కూర్చున్నాడు. కెనడీ, కొనల్లీ కూర్చున్నదీ ఇలాగే. ఇప్పుడు వెనక కుడివైపు, కాల్పులు జరిగిన మేడ ఆరో అంతస్తు నుంచి గీత గీయండి, తిన్నగానే పోతుంది.

బుల్లెట్ చెక్కుచెదరలేదనేదీ పొరపాటే, పక్కనుంచి తీసిన ఫోటోలో అలా కనిపిస్తుంది గానీ అడుగు చూస్తే నొక్కుకుపోయి ఉంటుంది. అది ఆస్పత్రి స్ట్రెచర్ దగ్గర దొరికిన తీరు మీద అనుమానం పడితే పడొచ్చు, అది వేరే సంగతి.

1979లో కుట్ర ఉండొచ్చన్న అమెరికా పార్లమెంట్ కమిటీ కూడా ఈ ఒకే బుల్లెట్ మాటని ఒప్పుకునింది, వాళ్ళ డౌటంతా పోలీసు రేడియో రికార్డింగ్‌లో వినిపించిందన్న నాలుగో తుపాకీ శబ్దం మీద, దాన్నీ 1982లో సైంటిస్టులు కొట్టిపారేశారు.