అమ్మానాన్నలతో సిడ్నీలో మూడు రోజులు: వంతెన ఎక్కించాలా?

డెబ్బై దాటిన అమ్మానాన్నలు మూడు రోజులు సిడ్నీలో ఉంటారు, హార్బర్ వంతెన కమాను ఎక్కే టికెట్లు కొనమంటారా అని అడిగారు. వద్దు. ఆ వయసు వాళ్ల నడుముకు బెల్టు కట్టి, 134 మీటర్ల ఎత్తున ఇనుము మీద నిలబెట్టడానికి వందల డాలర్లు ఎందుకు? అదే వంతెనకు తూర్పు పక్కన కాలిబాట ఉంది. ఉచితం. ఇవతలి ఒడ్డున రాక్స్ అనే పాతపేట దగ్గర ఎక్కి, అవతలి ఒడ్డున మిల్సన్స్ పాయింట్‌లో దిగండి, సరిపోతుంది.

డబ్బు, సమయం రెండూ పెట్టవలసింది ఊరి మధ్యనున్న సర్క్యులర్ కీ రేవు నుంచి సముద్రం ఒడ్డున ఉన్న మాన్లీకి వెళ్లే ఫెర్రీకి. డబ్బు అన్నాను కానీ, అది మామూలు జనం ఆఫీసులకు వెళ్లే పడవ. బ్యాంకు కార్డు తాకిస్తే ఎక్కనిస్తారు. పక్క రేవులో భోజనంతో సహా విహారం అంటూ పిలిచే పడవల జోలికి వెళ్లకండి. ఒకసారి వెళ్లాం. శాకాహారం అంటే ఆకులు పెట్టారు.

మా నాన్న వచ్చినప్పుడు ముందు ఒపేరా హౌస్‌కే తీసుకెళ్లాను. పైకప్పు పలకలను దగ్గరగా చూసి, "ఇది తెలుపు కాదమ్మాయ్, మీగడ రంగు" అన్నారు. నిజమే, ఫొటోలన్నీ అబద్ధం చెబుతాయి. దాన్ని రూపొందించిన యోర్న్ ఉట్సన్ 1966లో గొడవపడి వెళ్లిపోయాడనీ, 1973లో ప్రారంభమయ్యాక కూడా వచ్చి చూసుకోలేదనీ చెప్పాను. "అయ్యో" అన్నారు. అప్పటికే ఆయన చూపు రేవు మీద ఉంది.

మా ఇల్లు సఖినేటిపల్లిలో, ఆయన ఉద్యోగం నరసాపురంలో. ముప్పై ఏళ్లు రోజూ సైకిలును పంటు ఎక్కించి వశిష్ఠ గోదావరి దాటిన మనిషి. సర్క్యులర్ కీలో మా ఫెర్రీ వచ్చి ఆగింది, జనం దిగారు, మేము ఎక్కాం, బయలుదేరింది. "తిప్పలేదే?" అన్నారు. నేను ఇన్నేళ్లుగా ఎక్కుతున్నా గమనించలేదు. ఆ పాత పెద్ద ఫెర్రీలకు ముందూ వెనకా ఉండవు. రెండు చివరలా నడిపే గది ఉంటుంది, వచ్చిన దారినే వెనక్కి పోతాయి. అది తేల్చుకునేదాకా ఆయన కూర్చోలేదు. వంతెన వైపు కూడా చూడలేదు.

దారిలో హార్బర్ సముద్రంలో కలిసే చోట నార్త్ హెడ్, సౌత్ హెడ్ అని రెండు కొండకొమ్ములు ఉంటాయి. వాటి మధ్య నుంచి పసిఫిక్ అలలు నేరుగా లోపలికి వస్తాయి. ఆరోజు గాలి ఎక్కువ. ఫెర్రీ ఒక్కసారిగా లేచి పడింది. పిల్లలు కేకలు, అమ్మ గోవింద నామాలు, నేను బల్ల గట్టిగా పట్టుకున్నాను. నాన్న మాత్రం కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు కాస్త వంచి నిలబడ్డారు. కుడిచెయ్యి పక్కకు చాచి ఉంది, వేళ్లు ముడిచి. సైకిలు హ్యాండిల్ పట్టుకున్నట్టు.

మాన్లీలో తీరం బాగుంటుంది, సముద్రపు కాకులు చేతిలోని చిప్స్ ఎత్తుకుపోతాయి, అంతకుమించి చెప్పను. బ్లూ మౌంటెన్స్‌కు రైల్లోనే రెండు గంటలు పడుతుంది. మూడు రోజుల్లో దాన్ని ఇరికిస్తే త్రీ సిస్టర్స్ శిలల బదులు పొగమంచు చూసి వస్తారు, మాలాగా. టరాంగా జూ మంచిదే. మేము టికెట్లు కొన్నాక నాన్న మొరాయించారు. అక్కడికీ ఫెర్రీలోనే వెళ్లాలి అని చెప్పాకే చెప్పులు వేసుకున్నారు.

వీలైతే శుక్ర, శని, ఆదివారాల్లో తిరగండి, ఆ రోజుల్లో ఒక రోజు ప్రయాణాలన్నిటికీ కలిపి తీసుకునే ఛార్జీకి పరిమితి తక్కువ. మాన్లీ వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చోండి. అమ్మగారికి స్వెట్టరు మరవకండి.