తమ్ముడి తాగుడు: ఇంట్లో ఎలా మాట్లాడాలి?

ప్రశ్న: మా తమ్ముడు ఎమ్మెస్ అయ్యాక డల్లాస్‌లో మా దగ్గరే ఉండి ఉద్యోగం చేసుకుంటున్నాడు. రోజూ రాత్రి తాగుతున్నాడు, సెలవొస్తే గది దాటి రాడు. ఏమన్నా అంటే గొడవ. అమ్మానాన్నలకు చెప్పాలా?

జవాబు: అమ్మా, ముందు రాత్రిపూట వాదించడం మానేయండి. తాగినప్పుడు మీరన్నవి పొద్దున అతనికి గుర్తుండవు, మీకు నిద్ర ఉండదు. శనివారం పొద్దున కాఫీ వేళ ఇద్దరే కూర్చోండి. "నాన్న పొలం అమ్మి చదివిస్తే ఇదా నువ్వు చేసేది" అన్న మాట నోటిదాకా వస్తుంది, రానివ్వకండి. అది అతను రోజూ తనను తాను అనుకునేదే. "మొన్న మంగళవారం మీటింగ్‌కి లేవలేదు, నాకు భయమేసింది" అనండి. తర్వాత అతను చెప్పేది మధ్యలో అడ్డుపడకుండా వినండి.

జ్వరమని మేనేజర్‌కి మీరు మెసేజ్ పెట్టొద్దు. తాగినప్పుడు కారు తాళాలు ఇవ్వనని ముందే చెప్పండి. వీసా మీద ఉన్నవాళ్లు తాగి నడిపి అరెస్టయితే, కోర్టు తేల్చకముందే వీసా స్టాంపు రద్దు కావచ్చు.

"రేపట్నుంచి బంద్" అంటే సంతోషపడి ఊరుకోకండి. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు, కాబట్టి డాక్టరు దగ్గరే ఆపాలి. డిప్రెషన్ కూడా ఉందేమో చూడమనండి. రోగి వివరాలు బయటపెట్టకూడదనే హిపా చట్టం వల్ల అతను ఒప్పుకోనిదే డాక్టరు మీకేమీ చెప్పకపోవచ్చు. మీరు డాక్టరుకి చెప్పడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. చాలామందికి ఈ సంగతి తెలియదు.

చచ్చిపోవాలని ఉందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఉందంటే ఇలాంటి వాళ్ల కోసమే ఉన్న సహాయ నంబరు 988కి ఫోన్ గానీ మెసేజ్ గానీ చేయొచ్చు, రాత్రీ పగలూ పలుకుతారు. అప్పటికే చేయి దాటితే అత్యవసర నంబరు 911కి చేయండి. మానసిక సమస్య అని చెప్పి, అలాంటి వాటిలో శిక్షణ ఉన్న ఆఫీసర్ని పంపమనండి. ఇక మీ కోసం అల్-అనాన్ అనే సహాయ బృందం ఉంది. తాగేవాళ్ల ఇంటివాళ్లకే పెట్టింది, డబ్బు కట్టమనరు, పూర్తి పేరు అడగరు.

అమ్మానాన్నలకు చెప్పండి, అయితే తమ్ముడితో అన్నాకే. "పెళ్లి చేస్తే దారిలో పడతాడు" అని వాళ్లంటారు, ఎవరి ఇంట్లోనైనా అదే మాట. ఇంకో ఇంటి ఆడపిల్లను ఇందులోకి తేవద్దని, సంబంధాలు చూడడం ఆపమని గట్టిగా చెప్పండి. అక్కడ వాళ్లు కుంగిపోతుంటే ఇండియాలో మానసిక సమస్యలకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి, తెలుగులోనే మాట్లాడతారు.