చేబదులు ఇచ్చిన డబ్బుకు ఫోన్ రికార్డింగ్ సాక్ష్యమా?

చేబదులిచ్చిన రెండు లక్షల గురించి మీ స్నేహితుడు "ఇస్తాలే, కాస్త ఆగు" అన్న కాల్ రికార్డింగ్ కోర్టులో చెల్లుతుందా అని అడిగారు. చెల్లుతుందండీ. చాటుగా రికార్డు చేసినంత మాత్రాన సాక్ష్యం పనికిరాకుండా పోదని సుప్రీంకోర్టు 1972లోనే మల్కానీ కేసులో తేల్చింది. ఆ టెన్షన్ వద్దు.

చిక్కంతా కాపీతోనే. పెన్ డ్రైవ్‌లో వేసి ఇస్తే భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఫైల్ హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి కోడ్), నిపుణుడి సంతకం ఉండాలి. ఆ ఫోన్ అమ్మకండి, రీసెట్ చేయకండి, ఆడియో కత్తిరించకండి. "ఆ గొంతు నాది కాదు" అని ఆయన అడ్డం తిరిగితే ల్యాబ్‌కు అసలు ఫైలే కావాలి.

ఇంకోటి, బాకీ దావాకు ఉన్న మూడేళ్ల గడువు నోటిమాటతో పెరగదు. అది దాటకముందే బాకీ ఒప్పుకుంటున్నట్టు రాసిన కాగితం మీద ఆయనతో సంతకం పెట్టించుకోండి.