ఫ్యాక్టరీ యంత్రానికి ఏ విద్యుత్ భద్రతా ప్రమాణం వర్తిస్తుంది?

యంత్రాన్ని ఏ దేశంలో, ఎలాంటి చోట బిగిస్తారన్నదాన్ని బట్టే ప్రమాణం వర్తిస్తుంది; తయారైన ఊరితో పెద్దగా పని లేదు. వోల్టేజీ, ఎర్తింగ్ పద్ధతి, తనిఖీ చేసే అధికారి అన్నీ బిగించిన చోటివే కదా.

హైదరాబాద్‌లో చేసిన ప్యాకింగ్ మెషిన్‌నే తీసుకోండి. జర్మనీకి పంపితే దాని ఎలక్ట్రికల్ పనికి ఈఎన్ 60204-1 అనే యూరప్ ప్రమాణం చూస్తారు, సరఫరా 400 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికాకైతే అక్కడి ప్రమాణాలు: యంత్రం ఎలక్ట్రికల్ పనికి ఎన్‌ఎఫ్‌పీఏ 79, కంట్రోల్ ప్యానెల్‌కు యూఎల్ 508ఏ. అక్కడ ఫ్యాక్టరీల్లో ఎక్కువగా 480 వోల్టులు, 60 హెర్ట్జ్. మండే ద్రావకాల ఆవిరి చేరే గదిలో పెడితే పేలుడు ప్రమాదానికి సంబంధించిన ప్రమాణాలు కూడా తోడవుతాయి.

సీఈ గుర్తు ఉంటే ఎక్కడైనా చెల్లుతుందని చాలామంది అనుకుంటారు. అది యూరప్ మార్కెట్ కోసం, చాలా యంత్రాల విషయంలో తయారీదారే ఇచ్చుకునే హామీ. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా దాన్ని ఆమోదంగా లెక్కించదు.