అమెరికా వెళ్లే అమ్మాయికి కారు లైసెన్సు గురించి మావయ్య ఉత్తరం

విశాఖపట్నం

చిరంజీవి అమ్ములుకి మావయ్య ఆశీస్సులు.

ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే ప్రవేశపత్రం) వచ్చిందనీ, డాలస్ దగ్గరి యూనివర్సిటీ ఖాయమైందనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. లైసెన్సు సంగతి అక్కడికెళ్లాక చూసుకుంటానన్నావట. అలా అనుకుని వెళ్లిన పిల్లలే సగం సెమిస్టర్ దాకా ఉప్పూపప్పులకి కూడా కారున్నవాళ్లని బతిమాలుకుంటారు. టెక్సస్‌లో మన సిటీ బస్సుల్లాంటివి అడుగడుగునా ఉండవు. పైగా అక్కడ లైసెన్సు రాక ఆగిపోయేవాళ్లలో డ్రైవింగ్ రానివాళ్లు తక్కువ, కాగితం కుదరనివాళ్లు ఎక్కువ. ఆ కాగితాల్లో సగం సరిచేసుకోవాల్సింది ఇక్కడ, విశాఖలోనే.

నీ దగ్గరున్నది టూవీలర్ లైసెన్సు. దాంతో కారు నడపడం ఇక్కడా కుదరదు, అక్కడా కుదరదు. మీ నాన్న కారు అప్పుడప్పుడు తిప్పుతావని తెలుసు, ఆ లెక్క ఎవరూ ఒప్పుకోరు. ఈ వారమే కారుకి ఎల్‌ఎల్‌ఆర్ పెట్టు. అది చేతికొచ్చాక 30 రోజులు నిండితేనే మాధవధార ఆర్టీఓ ఆఫీసు వాళ్లు ట్రాక్ మీదకి పిలుస్తారు. ఎల్‌ఎల్‌ఆర్ 6 నెలలు చెల్లుతుంది కాబట్టి ముందుగా తీసుకుంటే పోయేదేమీ లేదు. హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసా అయ్యాక మొదలుపెడదామనుకుంటే, వీసాకీ విమానానికీ మధ్య ఆ 30 రోజులు దొరక్కపోవచ్చు.

ఇక పేరు. మన తెలుగువాళ్లందరికీ ఉన్న తంటా ఇదే. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, లైసెన్సులో ఇంకోలా. ఇంటిపేరు, అసలు పేరు, చివర 'లక్ష్మి' ఏ గడిలో ఎలా పడ్డాయో ఒక్కొక్క కాగితం తీసి పాస్‌పోర్టు పక్కన పెట్టి చూడు. ఐ-20, వీసా, ఐ-94 (అమెరికాలో దిగినట్టు అక్కడి ప్రభుత్వం ఉంచే రికార్డు) అన్నీ పాస్‌పోర్టునే అనుసరిస్తాయి కాబట్టి లైసెన్సుని పాస్‌పోర్టుకి తగ్గట్టు మార్పించుకో. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే మాత్రం పాస్‌పోర్టే ముందు సరిచేయించాలి, అదీ వీసాకి వెళ్లకముందే. లేకపోతే వీసా మీద పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్‌ఎన్‌యూ' అని మూడు అక్షరాలు పడతాయి. అంటే పేరు తెలియదని. రేపు అమెరికా లైసెన్సు మీదా, బ్యాంకు కార్డు మీదా అదే నీ పేరై కూర్చుంటుంది. తర్వాత తీయించుకోవడం పెద్ద ప్రహసనం.

లైసెన్సు కార్డు చేతిలో ఉండాలి. ఫోన్‌లో డిజిలాకర్ చూపిస్తే మద్దిలపాలెంలో కానిస్టేబుల్ ఊరుకుంటాడు గానీ అమెరికాలో కారు అద్దెకిచ్చే కౌంటర్‌లో దాన్ని లైసెన్సుగా చూడరు.

వీసా, టికెట్ రెండూ వచ్చాక ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌కి పెట్టు. ఫారం 4ఏ, పాస్‌పోర్టు, టికెట్, లైసెన్సు కాపీలు, ఫొటోలు, 1,000 రూపాయల ఫీజు. మన దేశంలో ఇచ్చేది ఏడాదికి మాత్రమే. ఆన్‌లైన్‌లో పదేళ్ల పర్మిట్ అంటూ డాలర్లలో డబ్బు గుంజేవాళ్లుంటారు, అవన్నీ ఉత్త అట్టముక్కలు. అసలు పర్మిట్ కూడా సొంతంగా లైసెన్సేం కాదు, మన లైసెన్సుకి అనువాదం లాంటిది. పక్కన కార్డు లేకపోతే దానికి విలువ లేదు. మన కార్డు ఇంగ్లీషులోనే ఉంటుంది కాబట్టి చాలాచోట్ల పర్మిట్ అడగరు కూడా. అయినా వెయ్యి రూపాయలకి వెనకాడకు, రోడ్డు పక్కన ఆపిన పోలీసుకి అది చూస్తే పని తేలిక.

చెల్లుబాటయ్యే మన లైసెన్సుతో టెక్సస్‌లో స్థిరపడ్డాక 90 రోజుల వరకే నడపొచ్చు. ఆ తర్వాత టెక్సస్ లైసెన్సు ఉండాల్సిందే. జర్మనీ, ఫ్రాన్స్, దక్షిణ కొరియా, తైవాన్ వాళ్లకి టెస్టులు లేకుండా మార్చి ఇస్తారు. ఆ జాబితాలో మనం లేం, రాతా రోడ్డూ రెండు పరీక్షలూ పాసవ్వాలి.

దిగిన మర్నాడే లైసెన్సు ఆఫీసుకి పరిగెత్తకు. అక్కడ ఆఫీసు పేరు డీపీఎస్, చాలా రాష్ట్రాల్లో డీఎంవీ అంటారు. నీ వీసా స్థితిని వాళ్లు 'సేవ్' అనే కేంద్ర ప్రభుత్వ వ్యవస్థలో సరిచూస్తారు. నువ్వు దేశంలోకి వచ్చిన సంగతి, చదువులో చేరిన సంగతి ఆ వ్యవస్థకి చేరడానికి టైం పడుతుంది. అందుకని దిగాక 10 రోజులు ఆగాలి. యూనివర్సిటీలో నీ ఫైలు చూసే డీఎస్‌ఓ సెవిస్ అనే విదేశీ విద్యార్థుల రికార్డులో నిన్ను యాక్టివ్ చేశాక కనీసం 2 పనిదినాలు ఆగాలి. ఈ రెండూ అయ్యాకే వెళ్లు. ముందే వెళితే కంప్యూటర్ నిన్ను గుర్తించదు, నీ దరఖాస్తు అదనపు పరిశీలనకి పోతుంది. అది రోజుల్లో తేలొచ్చు, వారాలు పట్టొచ్చు. కౌంటర్ మనిషితో వాదించి లాభం లేదు, ఆవిడ చేతిలో ఏమీ ఉండదు. కేసు నంబర్ అడిగి రాసుకుని, ఎక్కడిదాకా వచ్చిందో ఆన్‌లైన్‌లో నువ్వే చూసుకో.

విమానం దిగిన వారంలోపే ఐ-94 డౌన్‌లోడ్ చేసి అక్షరం అక్షరం చూడు. పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబర్, విద్యార్థి వీసా ఎఫ్-1 అని ఉందా, చివరి తేదీ చోట డీ బై ఎస్ (చదువు సాగినన్నాళ్లూ అని అర్థం) అని ఉందా. ఒక్క అక్షరం తేడా ఉన్నా 'సేవ్' దగ్గర ఆగుతుంది. తప్పుంటే డీఎస్‌ఓకి చెప్పు, ఎయిర్‌పోర్ట్ ఇమిగ్రేషన్ వాళ్ల చేత దిద్దించుకునే దారి వాళ్లు చూపిస్తారు.

అడ్రస్ రుజువు దగ్గర మన పిల్లలు ఎక్కువ ఇరుక్కుంటారు. రెండు బెడ్‌రూముల ఇంట్లో అయిదుగురు ఉంటారు, లీజులో ఇద్దరి పేర్లే ఉంటాయి, కరెంటు బిల్లు ఇంకొకరి పేరు మీద, మిగతావాళ్లకి ఆ ఇంట్లో ఉన్నట్టు కాగితమే ఉండదు. టెక్సస్‌కి రెండు రుజువులు కావాలి. వాటిలో ఒకటైనా నువ్వక్కడ 30 రోజులుగా ఉంటున్నట్టు చూపించాలి. అందుకే అద్దె సంతకాలప్పుడే నీ పేరు కూడా లీజులో వేయమని అడుగు, మొహమాటపడకు. మొదటి వారంలో బ్యాంకు ఖాతా తెరిచి, స్టేట్‌మెంట్ మీద అపార్ట్‌మెంట్ నంబర్‌తో సహా అడ్రస్ పడేలా చూసుకో. లీజులో పేరు లేకపోతే దారి లేకపోలేదు. కలిసి ఉంటున్నట్టు రూమ్మేట్ ఇచ్చే అఫిడవిట్ ఒకటుంది, డీఎల్-5 అంటారు. కానీ నీకు బంధువు కాని మనిషైతే తన రుజువులు పట్టుకుని నీతోపాటు ఆఫీసుకి రావాలి. క్లాసు మానుకుని నీకోసం లైన్లో నిలబడేదెవరో ముందే చూసిపెట్టుకో.

సోషల్ సెక్యూరిటీ నంబర్ (అక్కడ ఉద్యోగానికీ పన్నులకీ వాడే నంబర్) లేకపోతే లైసెన్సు రాదని సీనియర్లు భయపెడతారు. నమ్మకు. క్యాంపస్‌లో ఉద్యోగం దొరికితే తప్ప ఎఫ్-1 వాళ్లకి ఆ నంబర్ మొదట్లో ఇవ్వరు. ఆ సంగతి లైసెన్సు ఆఫీసులకీ తెలుసు. కొన్నిచోట్ల 'నాకు నంబర్ లేదు' అని రాయించుకుని సంతకం తీసుకుంటారు. కొన్ని రాష్ట్రాల్లో సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి వెళ్లి, నీకు అర్హత లేదని వాళ్లిచ్చే ఎల్-676 అనే లేఖ తెమ్మంటారు. క్యాంపస్ ఉద్యోగం దొరికేలా ఉంటే ముందు నంబర్ తీసుకుని తర్వాత లైసెన్సుకి వెళ్లడం సుఖం.

నీకింకా 25 నిండలేదు కాబట్టి టెక్సస్‌లో 6 గంటల అడల్ట్ డ్రైవర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి. ఆన్‌లైన్‌లో ఇంట్లో కూర్చునే చేయొచ్చు. గుర్తింపు ఉన్న సంస్థలో చేస్తే రాత పరీక్ష కూడా అందులోనే అయిపోతుంది. 30 ప్రశ్నలు, 70 శాతం రావాలి. హ్యాండ్‌బుక్ ఉచితంగా దొరుకుతుంది, అది ఒకసారి పూర్తిగా చదువు. మన పిల్లలు ప్రశ్నల బిట్లు బట్టీపట్టి పాసైపోతారు, ఆనక రోడ్డు మీద స్కూలు బస్సు ఎర్రలైట్లు వెలిగించి ఆగితే ఏం చేయాలో తెలియక చూస్తారు. ఎటువైపు వెళ్తున్నా ఆగాలి, మధ్యలో డివైడర్ ఉంటే తప్ప. రోడ్డు టెస్టుకి ముందు ఇంపాక్ట్ టెక్సస్ అనే గంట వీడియో కూడా చూడాలి, దాని సర్టిఫికెట్ 90 రోజులే చెల్లుతుంది. మరీ ముందే చూసేయకు.

అపాయింట్‌మెంట్ మాత్రం దిగగానే బుక్ చేసుకో. డాలస్ చుట్టుపక్కల స్లాట్లు నెలల తర్వాతి తేదీలకి కూడా పోతుంటాయి. పొద్దున్నే చూస్తే ఆ రోజు రద్దయినవి దొరుకుతాయి. గంటన్నర దూరంలోని చిన్న ఊళ్ల ఆఫీసుల్లో త్వరగా దొరుకుతాయి. దరఖాస్తు ఫారం డీఎల్-14ఏ ఇంట్లోనే నింపుకుని వెళ్లు. ఫీజు 33 డాలర్లు. ఆ ఫీజుతో 90 రోజుల్లో మూడుసార్లు రోడ్డు టెస్టుకి వెళ్లొచ్చు. టెస్టుకి కారు నువ్వే తెచ్చుకోవాలి, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కాగితాలతో. ముందూ వెనకా నంబర్ ప్లేట్లుండాలి, బ్రేక్ లైట్లు వెలగాలి. వీటిలో ఏది లేకపోయినా టెస్టు మొదలుకాకుండానే వెనక్కి పంపేస్తారు.

ఇప్పుడు రోడ్డు టెస్టు. మన దగ్గర నేర్చుకున్నదాంట్లో క్లచ్ అక్కర్లేదు, అంతా ఆటోమేటిక్. ఎడమ కాలికి పనే లేదు, దాన్ని కదపకుండా ఉంచు. లేకపోతే క్లచ్ అనుకుని బ్రేక్ తొక్కుతావు. చాలా మన కార్లలో ఇండికేటర్ కాడ స్టీరింగ్‌కి కుడిచేతి వైపు ఉంటుంది, అక్కడ ఎడమ చేతివైపు. మొదటి వారం మలుపు తిరిగినప్పుడల్లా వైపర్లు ఆడతాయి. టెస్టు రోజున అలా జరిగితే సిగ్నల్ ఇవ్వనట్టే లెక్క.

పాయింట్లు ఎక్కడ పోతాయో చెబుతాను. మొదటిది స్టాప్ బోర్డు. బోర్డు దగ్గర మనవాళ్లు స్పీడు తగ్గించి, ఎవరూ లేరని చూసి, మెల్లగా జారిపోతారు. అక్కడ చక్రం పూర్తిగా ఆగాలి, అదీ తెల్లగీతకి ముందే. లోపల ఒకటి, రెండు, మూడు అనుకుని అప్పుడు కదులు. నాలుగు వైపులా స్టాప్ ఉంటే ముందొచ్చినవాడు ముందు, ఇద్దరూ ఒకేసారి వస్తే కుడివైపున్నవాడు ముందు. హనుమంతవాకలో లాగా ముక్కు ముందుకు పెట్టినవాడిదే దారి అనుకుంటే అక్కడికక్కడే ఫెయిల్.

రెండోది తల తిప్పడం. లేన్ మారేటప్పుడు అద్దం చూస్తే సరిపోదు, భుజం మీదుగా వెనక్కి చూడాలి. కళ్లతో చూసేసి తల కదపకపోతే పక్కనున్న ఎగ్జామినర్‌కి నువ్వు చూసినట్టు తెలియదు. గడ్డం భుజానికి తగిలేంతగా తిప్పు. మూడోది ఎడమ మలుపు. కుడివైపు డ్రైవింగ్ కాబట్టి ఎడమకి తిరిగేటప్పుడు అలవాటుకొద్దీ రాంగ్ సైడ్‌లోకి దూరతారు. మధ్యనున్న పసుపు గీత ఎప్పుడూ నీ ఎడమచేతి పక్కనే ఉండాలి. ఇదొక్కటి మనసులో ఉంచుకుంటే ఖాళీ రోడ్డు మీద కూడా దారి తప్పవు.

టెక్సస్‌లో ప్యారలల్ పార్కింగ్ ఉంటుంది, దాదాపు 60 అడుగులు తిన్నగా రివర్స్ చేయడమూ ఉంటుంది. రివర్స్‌లో కెమెరా తెర చూస్తూ కూర్చోకు, ఒళ్లు తిప్పి వెనక అద్దంలోంచి చూడు. 30 పాయింట్లకి మించి పోతే ఫెయిల్. ఖాళీగా ఉన్న స్టోర్ పార్కింగ్‌లో రెండు ట్రాష్ డబ్బాలు పెట్టుకుని సాధన చేయి. మరీ మెల్లగా నడిపినా పాయింట్లు పోతాయి. బోర్డు మీద 35 అంటే మైళ్లు, మన లెక్కలో 56 కిలోమీటర్లు. హారన్ జోలికి అసలు పోకు.

ఇక్కడున్నన్ని రోజులూ పొద్దున్నే భీమిలి రోడ్డు మీద లేన్ వదలకుండా నడపడం అలవాటు చేసుకో. రద్దీలో దూరిపోవడం నేర్చుకున్నా అక్కడ పనికిరాదు.

లైసెన్సు రాకముందు రూమ్మేట్ కారు 'ఊరికే కిరాణా దాకా' అని తీయకు. ఆ ఇన్సూరెన్స్‌లో నీకు కవరేజీ ఉందో లేదో కాగితం చూడకుండా తాళం పట్టుకోవద్దు. పోలీసు వెనక లైట్లు వేస్తే కుడివైపు ఆపి, అద్దం దించి, రెండు చేతులూ స్టీరింగ్ మీద కనిపించేలా పెట్టి కూర్చో. మన దగ్గర లాగా కాగితాలు పట్టుకుని దిగి ఎదురెళ్లకూడదు, అక్కడ దాన్ని ప్రమాదంగా చూస్తారు. 'ఏదో చూసుకుందాం సార్' అనే మాట అసలు రాకూడదు. ఇక మందు విషయం నీకు చెప్పక్కర్లేదనుకుంటా, కానీ పార్టీల్లో పక్కవాళ్లకి చెప్పు. తాగి నడిపి అరెస్టయితే కోర్టు తేల్చకముందే వీసా రద్దు చేయొచ్చు.

పాసయ్యాక చేతికిచ్చేది తాత్కాలిక కాగితం. అసలు కార్డు పోస్టులో వస్తుంది. మెయిల్‌బాక్స్ మీద నీ పేరు అంటించుకో. కార్డు మీద 'లిమిటెడ్ టర్మ్' అని ఉంటుంది, కంగారుపడకు, నీ చదువు కాగితాల్ని బట్టి గడువు వేస్తారు. ఐ-20 పొడిగించినప్పుడల్లా దీన్నీ పొడిగించుకోవాలి. ఇల్లు మారితే 10 రోజుల్లో డీఎస్‌ఓకి, 30 రోజుల్లో డీపీఎస్‌కి కొత్త అడ్రస్ చెప్పాలి. మొదటిది మరిచిపోతే లైసెన్సుకే కాదు, వీసా స్థితికే ముప్పు.

ఇట్లు,
మావయ్య

తా.క. డీపీఎస్ కౌంటర్‌లోనే కంటి పరీక్ష చేస్తారు. ఇక్కడే పవర్ మళ్లీ చెక్ చేయించుకుని రెండు జతల కళ్లద్దాలు చేయించుకుని వెళ్లు. అక్కడ అద్దం పగిలితే పెట్టే ఖర్చుకి ఇక్కడ నాలుగు జతలొస్తాయి.