గ్లాసు పగిలితే ఏడుపు, తమ్ముణ్ణి కొడితే ఉత్త ‘సారీ’: మొదటి పాపసంకీర్తనానికి ముందు పాపకు ఏం నేర్పాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది: పాపకు ఎనిమిదేళ్లు, త్వరలో మొదటి పాపసంకీర్తనం, అంటే కథోలికులు ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకుని దేవుని క్షమాపణ పొందే సంస్కారం. చేయి జారి గ్లాసు పగిలినా “నేను పాపం చేశాను” అని ఏడుస్తుంది. తమ్ముణ్ణి కావాలని కొట్టినప్పుడు మాత్రం “సారీ” అని ఒక్క మాట పడేసి వెళ్లిపోతుంది. చూడ్డానికి రెండు సమస్యల్లా ఉన్నా మూలం ఒకటే. పెద్దవాళ్లు ఎంత గట్టిగా తిట్టారన్నదే ఆమెకు పాపానికి కొలత అయింది. గ్లాసుకు గట్టిగా తిట్లు పడి ఉంటాయి, తమ్ముడి విషయంలో “సారీ చెప్పు” అనడంతో సరిపెట్టి ఉంటారు.

ముందు మాటలు విడదీయండి. మన భాషలో ఇదో చిక్కు కూడా. “అయ్యో పాపం, పడిపోయాడు” అని జాలికీ అదే మాట, దేవునికి ఎదురు తిరగడానికీ అదే మాట, చిన్నపిల్లని పిలిచేదీ దాదాపు అదే. అందుకే పొరపాటు, శోధన, పాపం అని మూడు మాటలు వేరువేరుగా వాడండి. చేయి జారడం, మరిచిపోవడం, తెలియక చేయడం పొరపాటు. దానికి శుభ్రం చేయడం చాలు, పాపసంకీర్తనం అక్కర్లేదు. కొట్టాలనిపించడం శోధన. పరలోక జపంలో రోజూ వచ్చే మాటే కనుక పిల్లలకు కొత్త కాదు. అనిపించినంత మాత్రాన పాపం కాదని స్పష్టంగా చెప్పాలి, లేకపోతే మనసులోకి వచ్చిన ప్రతి ఆలోచననూ లెక్కపెట్టుకుంటారు. చెడ్డదని తెలిసి, ఆగగలిగి కూడా, కావాలని చేస్తే పాపం. పరీక్షకు రెండు ప్రశ్నలు చాలు: “అది తప్పని అప్పుడు నీకు తెలుసా? కావాలనే చేశావా?”

చావైన పాపం (దేవునితో బంధాన్ని తెంచేంత ఘోరమైనది), స్వల్ప పాపం అనే తేడా కూడా చెప్పాలి, కానీ భయపెట్టేలా కాదు. చావైన పాపానికి మూడూ కలవాలి: విషయం గంభీరమైనది కావాలి, అది అంత గంభీరమని పూర్తిగా తెలియాలి, పూర్తి ఇష్టంతో చేయాలి. ఎనిమిదేళ్ల పిల్లల గొడవలు, చిన్న అబద్ధాలు సాధారణంగా స్వల్ప పాపాలే. వాటిని పాపసంకీర్తనంలో చెప్పడం తప్పనిసరి కాకపోయినా, చెప్పడం మంచిదని శ్రీసభ (కథోలిక సంఘం) ప్రోత్సహిస్తుంది. “దేవుడు కళ్లు పోగొడతాడు” లాంటి బెదిరింపులు ఇవాళే మానేయండి. అలా పెరిగిన పిల్లలు దేవుని దగ్గర దాక్కోవడం నేర్చుకుంటారు.

ఇక ‘సారీ’ సంగతి. వెంటనే చెప్పించిన సారీ కోపంలోంచే వస్తుంది. పది పదిహేను నిమిషాలు ఆగనివ్వండి. ఆ తర్వాత నాలుగు మాటలు చెప్పించండి: నేను ఏం చేశాను, దానివల్ల నీకు ఏమైంది, క్షమించు, దీన్ని ఇలా సరిచేస్తాను. పిల్లలు ఎగ్గొట్టేది నాలుగోదే. బొమ్మ విరిగితే అతికించాలి, ఎగతాళి చేస్తే ఎవరి ముందు చేసిందో వాళ్ల ముందే మంచిగా మాట్లాడాలి. దీనికి లూకా సువార్త 19వ అధ్యాయంలో పన్నులు వసూలు చేసే జక్కయ్య కథ చక్కగా సరిపోతుంది. అతను ఊరికే బాధపడి ఊరుకోలేదు, మోసం చేసి తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. అయితే యేసు ముందే అతని ఇంటికి వస్తానన్నాడు, జక్కయ్య మారింది ఆ తర్వాతే. ఈ వరుసను మీ అమ్మాయికి చూపించండి.

తమ్ముడికీ ఒకటి నేర్పాలి. “పర్లేదు” అనకూడదు, “క్షమించాను” అనాలి. పర్లేదంటే ఏమీ జరగలేదన్నట్టు. జరిగింది నిజమే, అయినా వదిలేస్తున్నాను అనడం క్షమాపణ. వాడు ఇంకా ఏడుస్తుంటే బలవంతం చేయొద్దు, సాయంత్రం దాకా టైమ్ ఇవ్వండి.

ఆత్మపరిశోధనకు, అంటే తన తప్పుల్ని తనే గుర్తుచేసుకోవడానికి, పెద్దవాళ్ల ప్రశ్నల పట్టిక ఇవ్వకండి. పిల్లలు అర్థం కాని పాపాలను కూడా వరుసగా ఒప్పుకుంటారు. మూడు చోట్ల వెతకమనండి: దేవునితో, ఇంట్లో, బడిలో. ఐదు నిమిషాలు చాలు. రాత్రిపూట చేస్తే ముందు ఆ రోజు దొరికిన మంచికి కృతజ్ఞత, తర్వాతే తప్పులు. మీరు ఆమె తప్పుల్ని గుర్తుచేస్తూ కూర్చుంటే అది ఆత్మపరిశోధన కాదు, విచారణ.

మళ్లీ ఆ పాపం చేయకూడదనే మంచి నిర్ణయం విషయంలో పెద్ద మాటలు పనిచేయవు. “ఇకమీదట కోపపడను” అన్నది మర్నాటికే విరిగిపోతుంది. “వాడు నా పెన్సిల్ తీస్తే చెయ్యెత్తకుండా అమ్మను పిలుస్తాను” అన్నది నిలుస్తుంది. ఎప్పుడు, ఏం చేస్తానో రెండూ అందులో ఉండాలి. “ఫ్రెండ్‌కు సాయం కదా” అని పరీక్షలో జవాబు చూపించడం లాంటివి ముందే మాట్లాడుకోండి. మంచి కోసం కూడా చెడు చేయకూడదన్నది శ్రీసభ బోధన, పిల్లలకు ఇది ఉదాహరణతోనే ఎక్కుతుంది.

రిహార్సల్ రెండు మూడుసార్లు చేయించండి, కానీ ఆమె సొంత పాపాలతో కాదు, కథలోని పిల్లవాడి పాపాలతో. సిలువ గుర్తు, “ఇది నా మొదటి పాపసంకీర్తనం” అనడం, పాపాలు చెప్పడం, ఫాదర్ మాటలు వినడం, ఉత్తమ మనస్తాప జపం (పాపాలకు బాధపడుతూ చెప్పే జపం), ఫాదర్ క్షమాపణ మాటలు పలికే పాపవిమోచనానికి “ఆమెన్”. జపం మరిచిపోతే తన సొంత మాటల్లో “దేవా, నన్ను క్షమించు, మళ్లీ చేయకుండా సాయం చెయ్యి” అన్నా సరే, ఫాదర్ అందిస్తారు. నిజంగా మరిచిపోయిన పాపం కూడా క్షమించబడుతుంది, తిరిగి క్యూలో నిలబడక్కర్లేదు. కాగితం మీద రాసుకుంటే చూడకండి, తర్వాత తనే చింపేయాలి.

రహస్యం గురించి జాగ్రత్తగా చెప్పండి. విన్నది ఫాదర్ ఎవరికీ చెప్పకూడదు, శ్రీసభ చట్టం 983 ప్రకారం ఆ రహస్యపు ముద్ర విప్పరానిది. కానీ అది ఫాదర్‌ను కట్టేస్తుంది, పాపను కాదు. ఆమె ఏదైనా మీకు చెప్పుకోవచ్చు. మరొకరు తనకు చేసిన చెడు తన పాపం కాదనీ, “ఎవరికీ చెప్పకు” అని ఏ పెద్దవాళ్లన్నా వెంటనే మీకు చెప్పాలనీ కూడా ఇప్పుడే నేర్పండి.

ఒకే పాపాన్ని మళ్లీ మళ్లీ చెప్పాలని ఏడుస్తుంటే రోజూ పదిసార్లు సముదాయించకండి, భయం ఇంకా పెరుగుతుంది. “అది క్షమించబడింది” అని ఒక్కసారి చెప్పి పనిలో పడెయ్యండి. తగ్గకపోతే ఫాదర్‌తో ముందే మాట్లాడండి.

ఆ రోజు బయటికి వచ్చాక “ఏం చెప్పావు?” అని అడగొద్దు. ఫాదర్ విధించిన ప్రాయశ్చిత్తం అక్కడే మోకరించి పూర్తి చేసుకోనివ్వండి, లేకపోతే ఇంటికొచ్చేసరికి మరిచిపోతారు. ఆ సాయంత్రం తమ్ముడితో మళ్లీ గొడవపడితే “ఇందాకేగా పాపసంకీర్తనం చేసింది!” అనకండి. ఆ పది నిమిషాలు ఆగి, నాలుగు మాటలు మళ్లీ మొదలుపెట్టించండి.