బ్యాండ్ వదిలాక మొదటి ఆల్బమ్

ప్రశ్న: కాలేజీ రాక్ బ్యాండ్‌లో సింగర్‌ని. బయటికొచ్చి సొంతంగా ఆల్బమ్ చేయాలనుంది. ఒంటరిగా నిలబడగలనా అని టెన్షన్.
– డిగ్రీ విద్యార్థి, బరంపురం, ఒడిశా

జవాబు: తమ్ముడూ, నేనూ ఒడిశావాడినే, పర్లాకిమిడి. ముందు ఇంగ్లండ్ రాక్ గాయకుడు పీటర్ గాబ్రియెల్ మొదటి సోలో ఆల్బమ్ విను. 1975లో తను పాడే జెనెసిస్ బ్యాండ్ వదిలేశాడు, ఆల్బమ్ 1977లో వచ్చింది. తొందరపడలేదు, అదే నాకు నచ్చింది. ఒంటరిగానూ చేయలేదు. నిర్మాత బాబ్ ఎజ్రిన్, గిటార్‌కి రాబర్ట్ ఫ్రిప్, బేస్‌కి టోనీ లెవిన్. లెవిన్ ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు ఆయనతోనే వాయించాడు. సోలో అంటే పేరు ఒకరిదే, చేతులు చాలా ఉంటాయి.

అందులో ‘సాల్స్‌బరీ హిల్’ పాట బ్యాండ్ వదిలిన సంగతే. చాలా భాగం 7 లెక్కలో నడుస్తుంది. మన కర్ణాటక సంగీతంలోని ఏడు లెక్కల తాళం మిశ్రచాపు తెలిసినవాళ్లు చేత్తో తాళం వేస్తూ వినొచ్చు, ఎంత హాయిగా ఉంటుందో! అటు జెనెసిస్ కూడా ఆగిపోలేదు, డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్ పాడటం మొదలుపెట్టాడు. కాబట్టి మీవాళ్లకి ముఖాముఖి చెప్పే బయటికి రా. కలిసి కట్టిన పాటలు ఎవరివో ఆ రోజే కాగితం మీద రాసుకోండి. ఆల్బమ్ సంగతి తర్వాత చూద్దువు, ముందు రెండే పాటలు రికార్డు చెయ్యి. ఒకటి తెలుగులో, ఒకటి ఒడియాలో.